లోపలికి చూసే చిలుకలు

పత్రికలో సవరణ అనేదాన్ని ఎక్కడ వేస్తారో ఇప్పుడు ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలకు నేను చెప్పనక్కర్లేదు. లోపలి పేజీలో, అడుగున, టెండరు ప్రకటనల పక్కన వేస్తారు. తప్పు ఎంత పెద్దదైనా సవరణ అక్షరాలు మాత్రం చిన్నవిగానే ఉంటాయి. ముఖ్యమంత్రుల వెంట తిరిగాను, వరదలు రాశాను, ఎన్నికలు రాశాను. వాటిలో దేన్నీ ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, నిజం చెప్పాలంటే నేనూ గుర్తుపెట్టుకోలేదు. గర్వంగా చెప్పుకోదగ్గ పని ఏదైనా చేశావా అని అడిగితే మాత్రం ఒక సవరణ గురించి చెబుతాను. అది ఒక చిలుకకు సంబంధించినది.

మా నాన్న రైల్వేలో పని దొరికి శ్రీకాకుళం వైపు నుంచి రాయపూర్ వచ్చి గుఢియారీలో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ. అలా పెరిగినవాణ్ణి కనుక హిందీ దినపత్రికలో చేరడం నాకు వింతగా అనిపించలేదు. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడిన తొలి సంవత్సరాలవి. రాయపూర్‌లో ఎటు చూసినా తవ్వకమే, ఎటు చూసినా కట్టడమే. పాతది ఏది కనపడినా పడగొట్టి అద్దాల షోరూములు లేపుతున్నారు. ఆదివారం పేజీకి ఏదైనా కొత్తది రాయమని మా సంపాదకుడు అడిగితే, నేను పాతదే ఎంచుకున్నాను. పల్లెల్లోని సిమెంటు జాలీల ఇళ్ళ మీద వారం వారం ఒక శీర్షిక.

జాలీ అంటే మీకు తెలిసే ఉంటుంది. పువ్వు, చక్రం, నక్షత్రం లాంటి ఆకారాల్లో చిల్లులుండే సిమెంటు దిమ్మలు. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి వరండాకు ముందు గోడ కడతారు. గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది, బజారున పోయేవాడి చూపు మాత్రం లోపలికి రాదు. ఈ ప్రాంతంలో ఇవి ఎలా పుట్టాయో ఎవరూ రాసిపెట్టలేదు. నేను ఊరూరూ తిరిగి వృద్ధులను అడిగి తెలుసుకున్నదేమిటంటే, ఉక్కు కర్మాగారం క్వార్టర్లు, రైల్వే క్వార్టర్లు కట్టడానికి పల్లెల నుంచి కూలికి పోయిన యువకులు అక్కడ ఈ దిమ్మలు పోయడం నేర్చుకున్నారు. ఇనుప పట్టీలు వంచి అచ్చులు చేసే కొలిమి మా గుఢియారీలోనే రైలుపట్టాల పక్కన ఉండేది. ఆ అచ్చును సైకిలుకు కట్టుకుని ఊరికి వెళ్ళి, మొదట తమ మట్టిమిద్దెల ముందు ఈ గోడలు లేపారు. క్వార్టర్లలో అవి బూడిదరంగులో, ఒకే రకంగా ఉండేవి. పల్లెకు వెళ్ళాక వాటికి నీలం, గులాబి, ఆకుపచ్చ రంగులు వచ్చాయి. చక్రం పోయి తామర వచ్చింది. తామర పోయి వరికంకి వచ్చింది. ఒక ఊళ్ళో చిలుక వచ్చింది.

ఆ ఊరికి అభన్‌పూర్ దాటాక లోపలికి వెళ్ళాలి. ఆ చిలుకను పోసినవాడు ఆ ఊరి మేస్త్రీ. నేను చూసేనాటికి అరవై దాటినవాడు. యువకుడిగా ఉన్నప్పుడు క్వార్టర్ల పని నుంచి తిరిగి వచ్చి, ఊళ్ళోని ఒక పెద్ద రైతు ఇంటికి ఈ చిలుకల గోడ కట్టాడట. చిలుక కుడివైపుకు తిరిగి ఉంటుంది, ముక్కున వరికంకి. దిమ్మ పచ్చిగా ఉన్నప్పుడు కన్ను ఉండాల్సిన చోట ఒక గాజుముక్క అదిమేవాడు. ఎండ పడితే గోడ మీద అన్ని కళ్ళూ ఒకేసారి మెరుస్తాయి. నాకు ఆ గోడ తెగ నచ్చింది. అప్పుడే ఊళ్ళో కొత్తగా మంగళ భవన్ కడుతున్నారు. పెళ్ళిళ్ళకూ సభలకూ ఉమ్మడి భవనం. దాని ముఖగోడకు ఈ చిలుకలే పెట్టాలని పంచాయతీ ఒప్పుకుంది. మేస్త్రీ ఎండాకాలమంతా దిమ్మలు పోసి, తన పెరట్లో తడిగోనెల కింద పెట్టాడు. వానలు తగ్గగానే గోడ లేపాలి.

"ఇదే నా ఆఖరి గోడ బాబూ," అన్నాడు నాతో. "చేతులు వణుకుతున్నాయి. ఇది లేపేశాక బొంగరాలు చెక్కుకుంటూ కూర్చుంటా."

మా ఫొటోగ్రాఫరూ మా గుఢియారీ కుర్రాడే, రైల్వే తెలుగు కుటుంబం. వాడు గోడ ముందు బోర్లా పడుకుని మరీ ఫొటో తీశాడు. "ఈ ప్రాంతానికి చిలుకను తెచ్చిన మేస్త్రీ" అని శీర్షిక పెట్టి నేను కథనం రాసిచ్చాను.

ఇక్కడ మా పేజీలు పెట్టే పెద్దాయన గురించి చెప్పాలి. అందరూ దాదా అనేవాళ్ళం. సీసపు అక్షరాల కాలం నుంచి ఉన్న మనిషి. కంప్యూటరు వచ్చాక ఆయన పరికరాలన్నీ మారాయి గానీ సూత్రాలు మారలేదు. వాటిలో మొదటిది: ఫొటోలో ముఖం పేజీ లోపలికి చూడాలి. బయటికి చూస్తే పాఠకుడి చూపు కూడా బయటికి పోయి పక్క పత్రిక మీద పడుతుందని ఆయన నమ్మకం. మంత్రి కానీ, గేదె కానీ, పేజీ అంచున ఉండి బయటికి చూస్తుంటే ఆయన మరో ఆలోచన లేకుండా తిప్పేసేవాడు. ఒకసారి అలా తిప్పితే ఒక శాసనసభ్యుడి చేతి గడియారం కుడిచేతికి వచ్చింది. ఆయన ఫోను చేసి మెచ్చుకున్నాడు, ఫొటోలో మరింత హుందాగా ఉన్నానని.

ఆ ఆదివారం పొద్దున్న ఫొటోగ్రాఫరు మా ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అన్నియ్యా, సూసినావా పేపరు?"

"ఇంకా లేదు. ఏటయింది?"

"సిలకని ఉల్టా ఏసీసినారు! నానిచ్చిన ఫొటోలో ముక్కు కుడేపుకుంది. ఇందల సూడు, ఎడమేపుకుంది. కన్ను కూడా సిరాలో ములిగిపోయింది."

నిజమే. ఫొటో పేజీ కుడి అంచున పడింది. కుడికి చూసే చిలుక బయటికి చూస్తోంది. దాదా తిప్పేశాడు. ఆ రోజు సిరా ఎక్కువై గాజుకన్ను కనపడలేదు.

"పోనీలేరా, చిలుకేమైనా వచ్చి మనల్ని పొడుస్తుందా?" అన్నాను.

పొడిచింది. కాలువ అవతల ఇంకో ఊరుంది. ఆ ఊళ్ళోనూ చిలుకల గోడలున్నాయి. వాళ్ళ చిలుక ఎడమవైపుకు తిరిగి ఉంటుంది. దానికి కన్ను ఉండదు. మేస్త్రీ ఊరివాళ్ళు దాన్ని గుడ్డి చిలుక అని వెక్కిరిస్తే, అవతలివాళ్ళు మీ చిలుక గాజుకళ్ళ బొమ్మ అని వెక్కిరిస్తారు. సంతలో, పెళ్ళిళ్ళలో ఎప్పుడూ నడిచే పరాచికమే అది. ఇప్పుడు పత్రికలో ఎడమకు తిరిగిన, కన్నులేని చిలుక అచ్చయింది, కింద ఇవతలి ఊరి మేస్త్రీ గొప్పతనం అచ్చయింది. పరాచికం కాస్తా తగువైంది. మా చిలుక ఫొటో తీసి ఈ మేస్త్రీ కథ రాస్తారా అని అవతలి ఊరివాళ్ళు ట్రాక్టరు కట్టుకుని ఇవతలి ఊరి మీదికి వచ్చారు.

మేస్త్రీ ఊరికి సర్పంచ్ ఒక యువకుడు. గొడవలంటే భయం, స్టీలు రెయిలింగులంటే ఇష్టం. ఊళ్ళ మధ్య చిచ్చుపెట్టే చిలుకలు మంగళ భవన్‌కు వద్దు, రాయపూర్ తెలీబంధాలో ఒక దుకాణంలో మెరిసే స్టీలు రెయిలింగు చూశాను, అదే పెట్టిద్దాం అన్నాడు. మేస్త్రీ దిమ్మలు పెరట్లోనే ఉండిపోతాయన్నమాట. ఆ సంగతి చెప్పడానికి మేస్త్రీ మా కార్యాలయానికి ఫోను చేశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"బాబూ, మీరు రాసింది మంచికే. కానీ మా ఊళ్ళోనే కొందరు నన్ను అడుగుతున్నారు, ఆ చిలుక నువ్వు అవతలి ఊళ్ళో చూసి పోశావా అని. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు."

సంపాదకుడు తల పట్టుకున్నాడు. "రెండు లైన్ల సవరణ వెయ్యి. ఆ జాలీల శీర్షిక ఆపెయ్యి," అన్నాడు. నేను ఒక్క రోజు గడువు అడిగాను. ఊళ్ళో పంచాయితీ పెట్టారని, అసలు ఫొటో తీసుకుని అక్కడికి వెళ్తామని చెప్పాను. దాదా తన కుర్చీలోంచి లేచి కండువా సర్దుకున్నాడు. ఆయన ఎండలో బయటికి రావడం మేమెవరమూ చూడలేదు.

"తిప్పింది నేను. నేనే వచ్చి చెబుతా," అన్నాడు.

మేం వెళ్ళింది తీజాకు ముందురోజు. ఈ ప్రాంతంలో తీజా అంటే పెళ్ళయిన ఆడపడుచులందరూ పుట్టింటికి వచ్చే పండుగ. ఎనభై ఏళ్ళ ముసలమ్మను కూడా పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకువెళ్ళాల్సిందే. ఆ సాయంత్రం కాకరకాయ కూరతో అన్నం తిని, మర్నాడు నీళ్ళయినా ముట్టకుండా ఉపవాసం ఉంటారు. ఊరంతా కాకరకాయ వేపుడు వాసన. పంచాయితీ జరిగింది ఆ పెద్ద రైతు ఇంటి ముందే, మొదటి చిలుకల గోడ దగ్గర. మగవాళ్ళు బయట గచ్చు మీద కూర్చున్నారు. వచ్చిన ఆడపడుచులు వరండాలో జాలీ వెనక కూర్చుని కాకరకాయలు తరుగుతూ అంతా చూస్తున్నారు, వింటున్నారు. వాళ్ళు మాకు కనపడరు. గాజుల చప్పుడు, నవ్వు మాత్రం వినపడుతుంటాయి.

అవతలి ఊరి తరఫున మాట్లాడటానికి వచ్చినవాడు నలభై ఏళ్ళు దాటినవాడు, గట్టి గొంతు. అతను ట్రాక్టరు దిగగానే ఇవతలి ఊరి పెద్దలు ఒక్కొక్కరే లేచి వెళ్ళి వంగి అతని కాళ్ళకు దండం పెట్టారు. తలపాగా ఉన్న ముసలాయన కూడా. మా ఫొటోగ్రాఫరు కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇదేటన్నియ్యా? తగువుకొచ్చినోడి కాళ్ళట్టుకుంతన్నారేటి?"

"వాడు ఈ ఊరి ఆడపడుచు కొడుకురా. భాంచా. మేనల్లుడు కనపడితే మేనమామలు కాళ్ళు మొక్కాలి. ఇక్కడి ఆచారం. ముందు దండం, తర్వాత తగువు."

సరిగ్గా అలాగే జరిగింది. దండాలు స్వీకరించి, దీవించి, కూర్చుని, భాంచా మొదలుపెట్టాడు. "మామలూ, మీరు పెద్దలు. కానీ మీ మేస్త్రీ దొంగ."

గచ్చంతా ఒక్కసారి లేచింది. సర్పంచ్ చేతులూపి కూర్చోబెట్టాడు. నేను అసలు ఫొటో తీసి చూపించాను. కుడికి తిరిగిన చిలుక, మెరిసే గాజుకన్ను. ఇది ఈ గోడే, అచ్చులో తిరగబడింది అని చెప్పాను. భాంచా ఫొటోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సరే బాబూ. ఫొటో ఈ గోడదే, ఒప్పుకుంటా. మరి చిలుక ఎవరిది? మా అమ్మ మా ఇంటికి పోయించింది, నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నా. మీ మేస్త్రీ మా దాన్ని చూసి, అటు తిప్పి, కన్ను పెట్టి, నాది అన్నాడు. దొంగిలించిన ఎద్దుకు కొమ్ములు రంగేస్తే సొంతమవుతుందా?"

మేస్త్రీ ఓ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో ఏదో గడ్డిపరక, దాన్ని తుంచుతున్నాడు. ఏ గోడ ముందు, ఏ గోడ వెనక అని ఎవరు చెబుతారు? ఒక ఊరు తన గోడే పాతది అంటుంది, రెండో ఊరు తనదే అంటుంది. సర్పంచ్ నా వైపు చూశాడు. ఆ చూపులో స్టీలు రెయిలింగు కనిపించింది.

అప్పుడు దాదా లేచాడు. ఆయనకు సభల్లో మాట్లాడటం రాదు. ఆదివారం పేజీ విప్పి, రెండు చేతులతో పట్టుకుని, సూర్యుడి వైపు ఎత్తాడు. "భాయీ, నేను చేసింది ఇంతే. కాగితాన్ని ఇటు నుంచి చూస్తే మీ చిలుక," అని అవతలి ఊరివాళ్ళకు చూపించాడు. కాగితం వెనక్కు తిప్పి, వెలుగులో నీడలా కనపడుతున్న బొమ్మను ఇవతలివాళ్ళకు చూపించాడు. "అటు నుంచి చూస్తే మీ చిలుక. చిలుక ఒకటే. నిలబడే చోటు తేడా."

ఎవరికీ పెద్దగా అర్థమైనట్టు లేదు. కానీ జాలీ వెనక ఎవరో పకపకా నవ్వారు.

"ఈ మాట చెప్పడానికి రాయపూర్ నుంచి రావాలా? మేము ఇటు నుంచి చూసేది అదేగా!" అంది ఒక ముసలి గొంతు. తర్వాత కసిరినట్టుగా, "ఒరే, నువ్వు లోపలికి రా," అంది.

భాంచా ముఖం మారిపోయింది. "దాయీ? నువ్వు మాట్లాడకు, ఇది ఊళ్ళ సంగతి."

"ఊళ్ళ సంగతేనా? నాకు రెండు ఊళ్ళూ ఉన్నాయి. రా అంటుంటే!"

దాయీ అంటే అమ్మ. అతను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాడు. జాలీ చిల్లుల్లోంచి అతని చొక్కా కనపడింది, తర్వాత వంగిన తల కనపడింది.

"ఏం కనపడుతోంది?" అని ఇక్కడి నుంచి ఎవరో అరిచారు.

"మా చిలుక," అన్నాడు లోపల్నుంచి. ఆ గొంతులో తగువు లేదు.

మేమందరం లోపలికి వెళ్ళాం, ఆడవాళ్ళు కాకరకాయల పళ్ళేలు జరిపి చోటిచ్చారు. చీకటిగా ఉన్న వరండాలోంచి ఎండలోకి చూస్తే, గోడ నిండా ఎడమకు తిరిగిన చిలుకలు. కన్ను గాజుముక్క బయటివైపునే అదిమింది కనుక, లోపల్నుంచి చూస్తే వట్టి ఆకారం. అన్నీ గుడ్డివే. కాలువ అవతలి ఊరి గోడ ముందు నిలబడ్డట్టే ఉంది.

ఆ ముసలమ్మ కత్తిపీట పక్కన పెట్టి చెప్పింది. ఈ ఇంటి ఆడపడుచు ఆవిడ. మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చేసరికి ఈ గోడ అప్పుడే కొత్తగా లేచింది. కాన్పు కష్టమైంది. వరండాలోనే మంచం వేశారు. లేవలేక చాలా రోజులు ఈ జాలీ వైపు చూస్తూ పడుకుంది. తర్వాత అత్తవారింట కొత్త వరండా కట్టుకునేటప్పుడు అక్కడి మేస్త్రీ ఏం బొమ్మ కావాలని అడిగితే, బియ్యప్పిండితో నేల మీద ముగ్గులా చిలుకను గీసి చూపించింది. తన కళ్ళలో నిలిచిన చిలుకను.

"అప్పుడు నా పక్కన పడుకున్నది ఎవరనుకున్నావు?" అంది కొడుకుతో. "నువ్వే. నువ్వు మొదట చూసిన చిలుక ఇది. దీని కోసం ట్రాక్టరు కట్టుకొచ్చి మామను దొంగంటావా?"

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం, దాయీ?"

"ఎవరడిగారు? మీరు వెక్కిరించుకుని నవ్వుకుంటున్నారు కదా అనుకున్నా. తన్నుకుంటారని తెలుసా?"

మేస్త్రీ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. "దీదీ," అన్నాడు, "కన్ను ఎందుకు పెట్టించలేదు?"

"ఇక్కడి నుంచి కన్ను కనపడదురా," అంది ఆవిడ.

భాంచా మేస్త్రీ దగ్గరికి వచ్చి కాళ్ళ వైపు వంగబోయాడు. మేస్త్రీ గబుక్కున వెనక్కు గెంతాడు. "పాపం, పాపం! మేనల్లుడు మామ కాళ్ళు పట్టుకుంటాడా?" అని, తనే వంగి అతని కాళ్ళకు మొక్కాడు. క్షమాపణ చెప్పాల్సినవాడు దండం పెట్టించుకున్న పంచాయితీని నేను అదొక్కటే చూశాను. ఆడవాళ్ళు నవ్వాపుకోలేకపోయారు. సర్పంచ్ కూడా నవ్వాడు. అతని స్టీలు రెయిలింగు ఆ నవ్వులోనే పోయింది.

ఆ సాయంత్రం మాకూ కాకరకాయ కూర వడ్డించారు. దాదా చేదు తినడు, ఆ రోజు మాత్రం మారు వేయించుకున్నాడు.

మంగళ భవన్ ముఖగోడ వానలు తగ్గాక లేచింది. తలుపుకు ఒక పక్కన మేస్త్రీ పోసిన కుడిచూపు చిలుకలు. రెండో పక్కకు కాలువ అవతలి అచ్చు మోటారుసైకిలు మీద వచ్చింది, భాంచానే తెచ్చాడు. దానితోనూ మేస్త్రీయే పోశాడు. వణికే చేతులతో మొదటి దిమ్మకు గాజుముక్క అదమబోతే ముసలమ్మ ఆపింది. "దానికి కన్ను పెట్టకు. నేను చూసినట్టే ఉండనీ," అంది. అలాగే ఉంచాడు. రెండు వైపుల చిలుకలూ తలుపు వైపే చూస్తాయి, వచ్చేవాళ్ళను పిలుస్తున్నట్టు.

సంపాదకుడు రెండు లైన్లు అడిగాడు కదా, నేను పూర్తి కథ రాసి ఆయన బల్ల మీద పెట్టాను. చదివి, కళ్ళద్దాలు తీసి, "సవరణ ఇంత పొడుగా?" అన్నాడు. తర్వాత, "పైన వెయ్యి," అన్నాడు. ఫొటోగ్రాఫరు పెద్ద రైతు ఇంటి గోడను బయటి నుంచీ తీశాడు, లోపలి నుంచీ తీశాడు. ఆ రెండు ఫొటోలనూ దాదా ఎదురెదురు పేజీల్లో పెట్టాడు. ఎడమ పేజీ అంచున కుడికి చూసే చిలుక, కుడి పేజీ అంచున ఎడమకు చూసేది. ఏదీ తిప్పలేదు. రెండూ లోపలికే చూస్తున్నాయి. పేజీ అచ్చుకు పంపుతూ ఆయన మా వైపు గర్వంగా చూశాడు, సూత్రం తప్పలేదన్నట్టు. జాలీల శీర్షిక ఆగలేదు. ఆ వరుసలో చాలా ఊళ్ళ గోడలు రాశాను. వాటిలో ఎన్నో ఇప్పుడు ఆ కాగితాల మీదే మిగిలాయి.

దాదా లేడు. మేస్త్రీ కూడా లేడు. ఫొటోగ్రాఫరు ఇప్పుడు పెళ్ళిళ్ళకు డ్రోన్లు ఎగరేస్తున్నాడు. ధమ్‌తరీ రోడ్డు వెడల్పయ్యాక రెండు పక్కలా జాలీల ఇళ్ళు చాలావరకు పోయాయి, వాటి చోట అద్దాలు, స్టీలు వచ్చాయి. ఆ యువ సర్పంచ్ కూడా తన సొంత ఇంటికి స్టీలే పెట్టుకున్నాడు, పాపం ఎప్పటి ముచ్చటో. కానీ ఊళ్ళో మంగళ భవన్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

మొన్న ఒక పెళ్ళికి వెళ్ళాను. కాలువ అవతలి పిల్ల, ఇవతలి పిల్లవాడు. బయట నిలబడితే మేస్త్రీ చిలుకలు ఎడమ పక్కన కళ్ళు మెరిపిస్తున్నాయి, ముసలమ్మ చిలుకలు కుడి పక్కన ఊరికే ఉన్నాయి. భోజనాలకు లోపలికి పిలిచారు. విస్తరి ముందు కూర్చుని తలెత్తి చూశాను. కళ్ళు మాయమయ్యాయి. అటువి ఇటు, ఇటువి అటు అయ్యాయి. పక్కన కూర్చున్న కుర్రాడు, "వీటిలో మా ఊరిది ఏది అంకుల్?" అని అడిగాడు.

"తిన్నాక బయటికి వెళ్ళి చూడు," అన్నాను. "ఇక్కడి నుంచి తెలియదు."